వరిగింజయు, దేశదేశముల వాకిళ్ళును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



అంతర్జాతీయ వ్యవహారములు అనగానే పల్లెటూరి వారికి అవి తమకు సంబంధించినవి కావనియు, ఏ ఢిల్లీలోనో ఏ జెనీవాలోనో పెద్దమనుష్యులు బల్ల చుట్టును కూర్చుండి మాటలాడుకొను సంగతులనియు తోచుట సహజము. పఠన మందిరములో పత్రిక విప్పినవారు తొలుత జిల్లా వార్తలు చూచి, పిదప ధరవరలు చూచి, విదేశ వార్తల పుటను త్రిప్పివేయుట కద్దు. కాని ఆ ధరవరల పట్టికయే విదేశ వార్త యగు దినములు వచ్చినవి. కళ్ళములో బస్తా ధాన్యమునకు వర్తకుడు చెప్పు ధరలో మనీలా నగరపు మాటయు, ఆఫ్రికా పడమటి తీరమున నొక వంటయింటి మాటయు కలిసియే యుండును. అందుచేత నేటి ప్రసంగమునకు ఆ ఒక్క వస్తువునే, అనగా బియ్యమునే, విషయముగా గైకొనుట జరిగినది.

2023 జూలై 20వ తేదీన భారత ప్రభుత్వము బాసుమతి కాని తెల్లబియ్యమును విదేశములకు పంపరాదని ఉత్తరువు చేసెను. వెలువడిన క్షణమునుండియే అది అమలు. అప్పటికే ఓడలోనికి ఎక్కించుచుండిన సరకు మొదలగువానికి మాత్రమే కొంత వెసులుబాటు. దేశములో బియ్యపు చిల్లర ధర ఒక్క యేడాదిలో 11.5 శాతము పెరిగినదని ప్రభుత్వము కారణము చూపెను. ఎల్‌నినో వలన ఆ యేడు వానలు తప్పునేమో యను భయము కలదు. అంతకు 3 దినములకు ముందే, నల్లసముద్రము మీదుగా ఉక్రెయిన్ ధాన్యమును పోనిచ్చు ఒడంబడికనుండి రష్యా వైదొలగినది. ఎన్నికలును దగ్గరపడుచుండెను. ఆ మాట ఉత్తరువులో లేదు గాని లోకమెరిగినదే. పిమ్మట ఆగస్టు 25న ఉప్పుడు బియ్యము ఎగుమతిపై 20 శాతము సుంకము విధించిరి. అంతకు ముందటి యేడు, 2022 సెప్టెంబరులోనే, నూకల ఎగుమతి నిషేధింపబడి యుండెను.

ఉత్తరువు వెలువడిన వెంటనే అమెరికాలోని తెలుగువారు అంగళ్ళయెదుట బారులు తీరిరి. సోనా మసూరి సంచులకై జనులు త్రోసికొనుట బొమ్మలతో సహా పత్రికలకెక్కినది. కొన్ని అంగళ్ళవారు కుటుంబమునకు ఒక సంచి యని కట్టడి చేసిరి. ఇచ్చట బంధువులు ఫోనులలో ఆ కథలు విని కొంత నవ్వుకొనిరి, కొంత జాలిపడిరి. నిజమునకు అది ఇబ్బందియే గాని ఆకలి కాదు. ఆ దేశమున బియ్యము దొరకనినాడు రొట్టె దొరకును, చేత డాలర్లున్నవి. ఉత్తరువు తాకిన అసలు గిన్నె వేరొకచోట నున్నది.

పశ్చిమాఫ్రికాలో సెనెగల్ అను దేశము కలదు. చేపలతో కలిపి వండిన నూకల అన్నము వారి జాతీయ భోజనము. తెలుగునాట నూకలన్నచో కోళ్ళకు చల్లునవి, లేదా చేతిలో పైకము లేనివారు కొనునవి. అచ్చట అవియే విందు. ఇది వారి నాలుకకు పుట్టుకతో వచ్చిన రుచి కాదు. ఫ్రెంచివారు సెనెగల్‌ను ఏలిన కాలమున ఆ నేలలో వేరుసెనగ వేయించి, నూనెకై తమ దేశమునకు తరలించుకొనిరి. అచ్చటి జనులు తినుటకు తమ యేలుబడిలోనేయున్న ఇండోచైనానుండి మరలలో మిగిలిన నూకలను ఓడలపై దించిరి. ఏలికలు పోయిరి, రుచి నిలిచినది. ఒక దేశపు పళ్ళెములోని అన్నము ఎట్టిదై యుండవలెనో వేరొక దేశపు వర్తక లెక్కలు నిర్ణయించుట యన్న నిదియే. ఇక బెనిన్, ఐవరీ కోస్టు, గినీ మొదలగు దేశములు ఉప్పుడు బియ్యమును, తెల్లబియ్యమును భారతదేశమునుండి కొనుచుండెను. ఇందులో పెద్దభాగము కాకినాడ నుండియే పోవును. ఓడలు సముద్రములో లంగరు వేసికొని నిలిచియుండగా, బస్తాలను పెద్ద పడవలలో మోసికొనిపోయి ఎక్కించుట అచ్చట పాత పద్ధతి. రద్దీ పెరుగుటచే 2021లో లోతునీటి రేవును గూడ బియ్యమునకు తెరచిరి.

తలుపు ఒక్కటి మూసినంతనే ఇంత కలవరమేల? ప్రపంచపు బియ్యపు సంత గోధుమల సంత వంటిది కాదు. వరి పండించువారే వరియన్నము తినువారు. చైనా, భారతదేశము, బంగ్లాదేశ్, ఇండొనీషియా తమ పంటను తామే తినివేయును. లోకములో పండిన బియ్యములో ఇంచుమించు పదింట ఒక పాలు మాత్రమే ఎల్లలు దాటును. ఆ పాలులో 2022 నాటికి నూటికి 40 వంతులు భారతదేశమువే. ఆ యేడు సుమారు 2 కోట్ల 20 లక్షల టన్నులు 140 దేశములకు పోయినవి. కాలువ క్రింద సేద్యము చేయువారికి దీని యర్థము వేరుగా చెప్పనక్కరలేదు. ప్రధాన కాలువ నిండుగా పారునప్పుడు ఎవరు తూము తెరచినను, ఎవరు మూసినను పట్టింపు లేదు. నీరు చాలని పిల్లకాలువలో తొలి రైతు అడ్డుకట్ట వేసినచో శివారు రైతు మడి ఎండును. ప్రపంచ బియ్యపు వర్తకము పిల్లకాలువ. భారతదేశము ఆ కాలువ మొదట నున్న రైతు. సెనెగల్, బెనిన్ శివారు భూములు. 2023 ఆగస్టునాటికి థాయిలాండు బియ్యపు ధర 15 సంవత్సరములలో ఎన్నడును లేనంతగా పెరిగినది.

పదునైదేండ్ల క్రిందటి ఆ సంగతియు చెప్పవలెను. 2007 అక్టోబరు మొదలు భారతదేశము బాసుమతి కాని బియ్యముపై ఆంక్షలు విధించి, 2008 ఏప్రిలులో పూర్తిగా నిషేధించెను. వియత్నాము కూడ అదే బాట పట్టెను. కొనుగోలు దేశమైన ఫిలిప్పైన్సు బెదరి, ఎంత ధరకైనను సరేయని పెద్ద టెండర్లు పిలిచెను. జనవరిలో టన్ను 400 డాలర్లలోపు నున్న థాయి బియ్యము ఏప్రిలు, మే నెలలనాటికి 1,000 డాలర్లు దాటినది. కరేబియను సముద్రములోని హైతీలో ధరల అల్లర్లు చెలరేగి ప్రధానమంత్రి పదవి పోయినది. వింతయేమనగా ఆ యేడు లోకములో వరిపంట తగ్గలేదు! గాదెలు నిండియే యున్నవి. భయము తలుపులు మూసినది, మూసిన తలుపులు చూచి భయము మరింత పెరిగినది. జపాను తన గిడ్డంగులలో ఊరక నిలువయున్న దిగుమతి బియ్యమును విడుదల చేయుటకు సిద్ధమన్నంతనే ధర దిగనారంభించెను. ఒక్క బస్తా కదలక ముందే, మాటకే దిగినది.

ఈనాడు తలుపు చెంత యజమానియై నిలిచిన దేశము ఒకనాడు అదే తలుపునకు వెలుపల నిలిచినది. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము లోకములోకెల్ల హెచ్చుగా బియ్యమును ఎగుమతి చేసినది బర్మా. ఏటేట 30 లక్షల టన్నులు ఓడలెక్కెడివి. ఆ బియ్యపు వెనుక తెలుగువారి చెమట కలదు. కోరంగి, కాకినాడ, విశాఖపట్టణము రేవుల నుండి వేలకొలది కూలీలు రంగూనుకు పోయి, అచ్చటి బియ్యపు మరలలోను, రేవులోను బస్తాలు మోసిరి. ఉత్తరాంధ్ర జనులు ఆ యూరిని 'రంగము' అని పిలిచెడివారు. బర్మావారు తెలుగువారిని కోరంగి రేవు పేరు పెట్టి 'కోరంగీలు' అనిరి. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలిరేట్లకై సమ్మెకట్టగా, యజమానులు బర్మా కూలీలను దింపుటయు, పిదప కొట్లాటలు రేగి పెక్కురు తెలుగువారు ప్రాణములు కోల్పోవుటయు సంభవించెను. 1942 మార్చిలో రంగూను జపానువారి చేజిక్కినది. లక్షలమంది భారతీయులు అడవిబాటలవెంట నడచి వచ్చిరి. నడువలేనివారు బాటలోనే పడిపోయిరి.

బర్మా బియ్యము ఆగిపోవుటతో బంగాళమున ధర పెరుగనారంభించినది. ఆ సమయముననే బీహారు, ఒరిస్సా మొదలగు రాష్ట్రములు తమ ధాన్యము ఎల్ల దాటరాదని కట్టుబాట్లు చేసికొనిరి. ప్రతి రాష్ట్రమునకును తన కారణము తనకు కలదు. తన ప్రజలను కాపాడుకొనుట తప్పని యెవరు అనగలరు? 1943లో బంగాళమున సుమారు 30 లక్షలమంది క్షామమునకు బలియైరని చరిత్రకారులలో పెక్కురి లెక్క. ధాన్యము బొత్తిగా లేకపోవుటచే గాక, ఉన్నదానిని కొనలేకపోవుటచే పేదలు చచ్చిరని అమర్త్యసేన్ తరువాతి కాలమున నిరూపింప యత్నించెను. మూసిన తలుపులు, యుద్ధపు కొనుగోళ్ళు, దాచివేతలు, ఏలికల నిర్లక్ష్యము అన్నియు కలిసి చేసిన పని యది.

స్వాతంత్ర్యము వచ్చిన పిదపను ఆ అగచాట్లు తీరలేదు. అమెరికావారు 1954లో చేసిన పి.ఎల్. 480 చట్టము క్రింద 1956నుండి గోధుమలు వచ్చినవి. 1965, 1966 సంవత్సరములలో వరుసగా వానలు తప్పగా, ఒక్క 1966లోనే సుమారు కోటి టన్నుల ఆహారధాన్యములు దిగుమతి చేయవలసి వచ్చెను. వియత్నాము యుద్ధమును గూర్చి భారతదేశము పలికిన పలుకులు అధ్యక్షుడు జాన్సనుకు రుచింపలేదు. ఆయన ఏడాదికి సరిపడు గింజలను ఒక్కసారిగా అనుమతింపక నెలనెలకును కొలిచి పంపించెను. ఓడ దిగిన గింజ గిడ్డంగిలో నిలువక నేరుగా గిన్నెలోనికి పోయిన కాలమది. తినుటకు పెట్టుచునే మెడపై చేయి వేయుట యెట్లుండునో ఆనాడు ఢిల్లీకి తెలిసివచ్చినది. 1965లో ఫుడ్ కార్పొరేషను స్థాపించుటకును, క్రొత్త వంగడములకై తొందరపడుటకును ఈ కష్టకాలమే పురికొల్పినది.

ఆ వంగడములును ఇరుగు పొరుగుల సొత్తే. ఫిలిప్పైన్సులో మనీలాకు చేరువనున్న లాస్ బాన్యోస్‌లో 1960లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వెలసినది. ఇండొనీషియా వరికిని, తైవాను పొట్టివరికిని సంకరము చేసి, 1966లో వారు విడుదల చేసినదే ఐ.ఆర్. 8. మరుసటి యేడు పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దానిని వేసి, చూపరులు నమ్మలేని దిగుబడి తీసిరి. 1986లో బాపట్లలో రూపొందిన సాంబ మసూరి సంగతి చూడుడు. అందలి 'మసూరి' మలయాదేశపు వంగడము. తైవాను, కోయంబత్తూరు వంగడముల రక్తమును అందు కలదు. తెలుగువాడు తన సొంత అన్నమని గర్వించు ఆ ముద్దలో ముగ్గురు పరదేశి, స్వదేశి చుట్టములు కూర్చుండి యున్నారు.

ఇంత చెప్పినంతమాత్రమున, ఇంటివారు పస్తుండగా వాకిట పందిరివేసి పరులకు వడ్డింపుడని యెవరును చెప్పరు. 2013 ఆహార భద్రతా చట్టము ననుసరించి సుమారు 81 కోట్లమందికి తలకు 5 కిలోల చొప్పున ధాన్యము అందుచున్నది. 2023 జనవరినుండి ఉచితముగనే ఇచ్చుచున్నారు. తెలుగునాట 1983లో ఎన్.టి. రామారావు గారు కిలో 2 రూపాయల బియ్యము ప్రవేశపెట్టిననాడు అది కాగల పనియా యని నవ్వినవారు కలరు. ఆ బియ్యము ఎన్ని పొయ్యిలు వెలిగించినదో పల్లెలకు తెలియును. (అవియే చేతులు మారి ఓడలెక్కుచున్నవని 2024 చివర కాకినాడ తీరమున రేగిన అలజడి వేరొక కథ.)

ప్రపంచ వాణిజ్య సంస్థలో ఈ నిలువల విషయమై భారతదేశమునకు జరుగుచున్నది న్యాయము కాదు. ప్రభుత్వము రైతునకిచ్చు మద్దతు ధర ఒక పాత ధరను మించినచో, ఆ మించినదంతయు రాయితీ క్రింద లెక్కింతురు. ఆ పాత ధర 1986–88 నాటిది! నాటికిని నేటికిని ఎరువు ధర, కూలి ధర ఏపాటి పెరిగినవో లెక్కకు రాదు. ఆ రాయితీ పంట విలువలో 10 శాతము దాటరాదు. 2013లో బాలీ సమావేశమున తాత్కాలిక మినహాయింపు దొరకినది. శాశ్వత పరిష్కారము 2024 అబూధాబి సమావేశమునను కుదరలేదు. 2018–19లో బియ్యము విషయమున హద్దు దాటి, ఆ మినహాయింపు నీడనే భారతదేశము నిలువవలసివచ్చెను. తమ రైతులకు ధారాళముగా పెట్టు ధనిక దేశములు ఇందుపై వేలు చూపుట దొడ్డతనము కాదు.

కాని నిలువ యుంచుకొను హక్కు ఒకటి. తలుపు దబాలున మూయుట మరియొకటి. నిలువ యుండుట యెందులకు? గడ్డురోజున ఇంటివారికి కొరత రాకుండుటకును, ఆ ధైర్యముతో వాకిలి తెరచి యుంచుటకును. జూలై 1వ తేదీకి బియ్యపు నిలువ 1 కోటి 35 లక్షల టన్నులుండిన చాలునని ప్రభుత్వపు కట్టుబాటే కలదు. 2023లో ఉత్తరువు వెలువడునాటికి అంతకు మిక్కిలి యెక్కువ గిడ్డంగులలో నుండెను. 2024 సెప్టెంబరు 28న నిషేధము తొలగించిరి; 2025 మార్చిలో నూకలకు విముక్తి దొరకినది. అప్పటికి నిలువలు పొంగిపొరలగా, 52 లక్షల టన్నుల బియ్యమును మోటారు ఇంధనములో కలుపు సారాయమునకై కేటాయించిరి. సెనెగల్ గిన్నెకు లేదన్న గింజ కారు కడుపునకు పోయినది. ఇందులో దుర్బుద్ధి యేమియు లేకపోవచ్చును. ముందు చూపు లేకున్నను ఫలితము అదియే.

నిషేధ కాలమున, అడిగిన దేశములకు ప్రత్యేకముగ కొంత ఇచ్చిరి. 2023 అక్టోబరులో నేపాలు, కామెరూన్, ఐవరీ కోస్టు, గినీ, మలేషియా, ఫిలిప్పైన్సు, సీషెల్సు అను 7 దేశములకు కలిపి 10 లక్షల టన్నులకు పైగా అనుమతించిరి. ఇచ్చుట మంచిదే. అయినను సంతలో కొనుక్కొనువానిని అర్జీ పట్టుకొని వచ్చువానిగా మార్చుట ఎట్టిదో, జాన్సను కాలము నెరిగిన దేశమునకు మరొకరు నేర్పనక్కరలేదు.

ఇక రైతు మాట. సంతలో ధర పడిపోయినప్పుడు ఏ తలుపును అతనికై తెరువబడదు. పెరిగిననాడు మాత్రము ముందుగా మూతపడునది అతని తలుపే. తెలంగాణలో యాసంగి వడ్లు ఎండ వేడికి మరలో విరుగును గనుక వానిని ఉప్పుడు బియ్యముగా చేయుట అలవాటు. 2021–22లో ఆ బియ్యము తమకు అక్కరలేదని కేంద్రము చెప్పగా, 2022 ఏప్రిలులో రాష్ట్ర ముఖ్యమంత్రియే ఢిల్లీకి పోయి ధర్నా చేయవలసివచ్చెను. తినువారు లేరన్న ఆ బియ్యమునే ఏడాదిన్నర తిరుగక మునుపే ఎల్ల దాటకుండ సుంకముతో కట్టివేసిరి. ఆఫ్రికాలో తినువారున్నారు, యాసంగిలో పండించువారున్నారు. వీరిద్దరి నడుమ నిలకడ గల విధానమొకటి లేకపోయినది.

ధనిక దేశములును ఇందుకు మినహాయింపు కావు. జపాను ప్రభుత్వము దశాబ్దములపాటు వరిసాగును తగ్గింపుడని రైతులకు డబ్బిచ్చి, 2025లో బియ్యపు ధర ఏడాదిలో రెండింతలగుట చూచినది. దాచిన నిలువ తెరచుటకు తటపటాయించి ఆలస్యము చేసినది. అంతలో వ్యవసాయమంత్రి, తానెన్నడును బియ్యము కొనలేదనియు, అభిమానులే తెచ్చి యిత్తురనియు సభలో సెలవిచ్చి, ఆ మే నెలలోనే పదవి పోగొట్టుకొనెను!

మరి చేయదగిన దేమి? దానికై క్రొత్త శాస్త్రము వ్రాయనక్కరలేదు. ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయపు ఒడంబడిక 12వ అధికరణములోనే దారి కలదు. ఆహారపు ఎగుమతిని ఆపదలచిన దేశము కొనువారి ఆకలిని తలచవలెను. సాధ్యమైనంత ముందుగా తెలుపవలెను. అడిగినచో వారితో సంప్రదింపవలెను. పేద దేశములకు ఈ నిబంధన నుండి మినహాయింపు కలదు గాని, ఆ సరకును నికరముగా ఎగుమతి చేయు దేశమునకు ఆ మినహాయింపు వర్తింపదు. బియ్యము విషయమున భారతదేశము అట్టి దేశమే. రెండు మూడు నెలల ముందు నోటీసు ఇచ్చుట, ఒక్కపెట్టున నిషేధింపక కొద్దికొద్దిగా సుంకము పెంచుట, నిలువలను సకాలమున సంతలోనికి వదలుట ఢిల్లీ చేతిలోని పనులే. అట్లు చేసినచో చిల్లర ధర అదుపులో నుండును. కాకినాడ వర్తకుడు ఒప్పందము తప్పినవాడు కాడు. బెనిన్ గృహిణికి ఒక నెల ముందుగా గింజలు సమకూర్చుకొను వ్యవధి దొరకును.

2025 మార్చి 31న తెలంగాణ ప్రభుత్వము కాకినాడ రేవునుండి ఫిలిప్పైన్సుకు 12,500 టన్నుల బియ్యము పంపినది. అవి ఎం.టి.యు. 1010 రకము, పశ్చిమ గోదావరి మారుటేరు పరిశోధన కేంద్రములో పుట్టిన వంగడము. ఆచంటకు ఐ.ఆర్. 8 గింజనిచ్చిన దేశమునకే 58 ఏండ్ల పిమ్మట తెలుగునాటి బియ్యము చేరినవి. ఆ సెప్టెంబరు 1న, ధరలు పడిపోయి తమ రైతులు నష్టపోవుచున్నారని, ఫిలిప్పైన్సు ప్రభుత్వము 60 దినములపాటు బియ్యపు దిగుమతిని ఆపివేసెను. పిదప ఆ గడువును సంవత్సరాంతము వరకు పొడిగించెను.